సైకిల్ ఎక్కని అయ్యగారు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో మనకేం వచ్చో పదిమందికీ చెప్పుకోవాలన్న తొందరే తప్ప ఏం రాదో ఒప్పుకునే ఓపిక ఉండదు. రానిదాన్ని దాచుకోవడానికి కావలసినంత తెలివి మాత్రం ఉంటుంది. నా తెలివి నన్ను ఎంత దూరం నడిపించిందో చెప్పాలంటే ముందు నేను విదేశీ పరిచర్యకు వెళ్లిన సంగతి చెప్పాలి. విదేశమంటే ఖరగ్‌పూర్. (నవ్వకండి. పాలకొల్లు పక్కన మా క్రైస్తవ సంఘంలో ఇచ్ఛాపురం దాటితే విదేశం కిందే లెక్క. మా అమ్మయితే విశాఖపట్నం తరవాత వచ్చే ఊళ్లన్నిటినీ కలిపి 'పై దేశాలు' అనేది.) వీడ్కోలు కూడికలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఒక పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి, భాష తెలియని జనం మధ్య నాకు మాట సాయం దొరకాలని చాలాసేపు ప్రార్థించారు. నేనూ ఊరికే లేను, ఆరు నెలలు కూర్చుని బెంగాలీ నేర్చుకున్నాను. ఖరగ్‌పూర్ స్టేషన్ బయట మొట్టమొదట కనబడిన ఆటో అతనితో, రైల్లో రాత్రంతా వల్లె వేసుకున్న బెంగాలీ వాక్యం అప్పజెప్పాను. అతను మొత్తం విని, "ఏటి బాబూ, తెలుగోరా? సామాను ఇలాగెట్టండి. మనోల్ల రైల్వే కాలనీ, న్యూ సెటిల్‌మెంటుకేనా?" అన్నాడు.

అలా మొదటి పది నిమిషాల్లోనే నా విదేశం సగం తరిగిపోయింది. మిగిలిన సగం వాళ్ల తెలుగు. రైలు వచ్చిన కాలంలో తాతముత్తాతలు వచ్చి స్థిరపడిన కుటుంబాలు. శ్రీకాకుళం వైపు యాసలో హిందీ, బెంగాలీ, రైల్వే మాటలు కలిపి వడ్డిస్తారు. 'డూటీ ఆఫయ్యీసరికి దేరీ అయిపోనాది' అంటే డ్యూటీ దిగేసరికి ఆలస్యమైందని తేల్చుకోవడానికి నాకు మొదట్లో కొంచెం వ్యవధి కావలసి వచ్చేది. నేను అద్దెకు దిగింది ఒక విధవరాలి ఇంట్లో. ఆవిడ ఇరవై ఏళ్లు రైల్వే క్యాంటీన్‌లో వంట చేశారు కనక ఊరంతా క్యాంటీనత్త అనేవారు, నేనూ అదే అన్నాను. సంఘపెద్ద రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా రిటైరైన ఒకాయన. ఆయన్ని అందరూ ఫిట్టర్ మావయ్య అనేవారు. ఊరి బయట సాలువా వైపు కూతురి దగ్గర ఉంటూ, ఒక పాత స్కూటర్ మీద గుడికి (మా వాడుకలో చర్చి గుడే) వచ్చేవారు. ఆయనకి డెబ్బై దగ్గర పడ్డా, నా వయసు ఆయన మనవడిదే అయినా, పాస్టరునని నన్ను 'అయ్యగారూ' అనే పిలిచేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని చూసుకునేవాణ్ణి.

రెండో ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను బయటికి పిలిచారు. మెట్ల దగ్గర కొత్త సైకిల్ ఉంది. నల్లటిది, పెద్ద క్యారియర్‌తో, హ్యాండిల్‌కి బంతిపూల దండతో. విశ్వాసుల ఇళ్లు క్వార్టర్లలో కొన్ని, బజారు వెనక కొన్ని, సాలువా దారిలో కొన్ని ఉన్నాయి కనక అయ్యగారి కాళ్లు అరిగిపోకూడదని సంఘమంతా కలిసి కొన్నారు. ఫిట్టర్ మావయ్య సీటు మీద చెయ్యి వేసి, ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ విడివిడిగా దీవించమని ప్రార్థించి, "ఎక్కండి అయ్యగారూ. సర్చి సుట్టూరా ఓ రౌండేసి రండి" అన్నారు.

నాకు సైకిల్ రాదు. గోదావరి కాలవల మధ్య పుట్టినవాడికి సైకిల్ రాకపోవడం ఎంత నామోషీయో అక్కడివాళ్లకి చెప్పనక్కరలేదు. తొమ్మిదో ఏట మా బాబాయి కాలవగట్టు మీద నాకు సైకిల్ నేర్పబోయాడు, సైకిలూ నేనూ కలిసి కాలవలో పడ్డాం. (జనం నన్ను ముందు తీసి, సైకిల్‌ని తరవాత తీశారు. ఆ వరస తప్పని మా బాబాయి చాలాకాలం వాదించాడు.) ఆ తరవాత నాయనమ్మ నన్ను సైకిల్ దగ్గరికే పోనివ్వలేదు. ఆపైన హాస్టలు, బస్సులు. ఈ కథంతా ఆ మెట్ల మీద నిలబడి చెబితే అర నిమిషంలో తేలిపోయేది. నేనేమో, "వద్దండి, నేను మీతో నడుస్తాను" అన్నాను. భయంతో అన్నాను కనక గొంతు వణికింది. ఆ వణుకే నా కొంప ముంచింది. వెనక నుంచి ఒకావిడ, "ఎంత తగ్గింపో సూసినారా" అంది. ఇంకొకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ రోజు నుంచి నేనూ నా సైకిలూ కలిసి నడవడం మొదలుపెట్టాం. దాన్ని ఇంట్లో వదిలేస్తే ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారు, ఎక్కితే నేను పడతాను. అందుకని బైబిల్ సంచీ క్యారియర్‌కి కట్టి, గేదెను తోలుకెళ్లినట్టు పక్కన నడిపించుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. సాయంత్రం వర్క్‌షాప్ సైరన్ మోగాక గేట్లోంచి వందల సైకిళ్లు వరదలా వచ్చేవి. ఆ వరదకి ఎదురు నడిచేది నేనొక్కణ్ణే. "పంచరా?" అని ఒకరు, "సైనూడిపోనాదా?" అని ఒకరు. నేను అవుననకుండా కాదనకుండా తల ఒక పక్కకి వంచేవాణ్ణి. (అబద్ధం ఆడలేదని ఆ తల వంపుతో నాకు నేను నచ్చజెప్పుకునేవాణ్ణి.) బజారు మలుపులో టార్పాలిన్ కింద కూర్చునే సైకిల్ రిపేరు దాదా బెంగాలీ అయినా తెలుగువాళ్ల మధ్యే పెరిగినవాడు. నేను నడిపించుకుంటూ కనబడినప్పుడల్లా జాలిపడి పిలిచి, ట్యూబు బయటికి లాగి నీళ్లలో ముంచి చూసేవాడు. ఒక్క బుడగా రాదు. నాలుగోసారి కూడా రాకపోయేసరికి, ట్యూబు తుడుస్తూ నా వైపు చూసి, "హవా ఠీక్ ఉంది. ట్యూబ్ ఠీక్ ఉంది. మీరు ఠీక్ ఉన్నారా?" అన్నాడు. తరవాత నేను ఆ మలుపు తప్పించి చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టాను.

సిగ్గేసి, సొంతంగా నేర్చుకుందామని చూశాను. తెల్లారేసరికి సాలువా దారి పక్క ఖాళీ మైదానానికి సైకిల్ని నడిపించుకెళ్లి, ఎక్కి, పడి, మళ్లీ నడిపించుకుంటూ వచ్చేవాణ్ణి. పోలీసు క్యాంపు కుర్రాళ్లు పరుగు తీస్తూ అటుగా వెళ్లేవారు. నేను పడినప్పుడు వాళ్ల పరుగు కొంచెం నెమ్మదయ్యేది. వారం తిరిగేసరికి రెండు మోకాళ్లూ చెక్కుకుపోయాయి, నడకలో కుంటు వచ్చింది. ఇంతలో బుధవారం కూడికలో మోకరించబోతూ 'అమ్మా' అన్నాను. అది ఫిట్టర్ మావయ్య విన్నారు. ఆపై ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు. "మన అయ్యగారు రాత్రంతా మోకాళ్ల మీదే ఉంటన్నారు. మోకాళ్లు పుండ్లయిపోనాయి. సైకిలిత్తే ఎక్కరు, మనతోనే నడుత్తారు. నాను డెబ్బయ్యేళ్లొచ్చి స్కూటర్ మీద ఊరేగుతన్నాను. సిగ్గేసీసినాది. నా స్కూటర్ అల్లుడికిచ్చీసినాను. ఇంక నానూ నడిసే వస్తాను."

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. అంతకన్నా చెడ్డ స్తోత్రం నేను జన్మలో చెప్పలేదు.

ఆయన అన్నంతపనీ చేశారు. మూడు ఆదివారాలు సాలువా నుంచి నడిచి వచ్చారు. వచ్చిన ప్రతిసారీ, నడకలో దేవుడు తనతో ఏం మాట్లాడాడో మళ్లీ సాక్ష్యం. ఎండలు ముదిరాయి. మూడో ఆదివారం ఆరాధన అయ్యాక, ఆయన మొహం చూస్తే నాకు మనసొప్పక ఇంటిదాకా దిగబెడతానని బయలుదేరాను. ఆయన, నేను, మధ్యలో సైకిల్. ఊరు దాటి కొంత దూరం పోయేసరికి ఆయన మాట తడబడింది. చొక్కా అంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. షుగర్ మనిషి. పొద్దున మాత్ర వేసుకున్నారట, నడక ఆలస్యమవుతుందని ఏమీ తినలేదట. చెట్టు మొదట్లో కూలబడి, "అయ్యగారూ, ముందు మలుపులో టీ కొట్టున్నాది. సైకిలేసుకుని బేగెల్లి తీపేదైనా తెండి" అన్నారు.

మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద పురుగన్నది లేదు. నా చేతిలో బంగారంలాంటి కొత్త సైకిల్. "మావయ్యగారూ, నాకు సైకిల్ రాదండి" అన్నాను.

ఆయన తల ఎత్తి చూశారు. ఆ స్థితిలో కూడా ఆ మాట అర్థం చేసుకోవాలని ప్రయత్నించారు. నేను అక్కడ నిలబడలేదు. సైకిల్ని పడేసి పరిగెత్తాను. కాలేజీలో కూడా అంత పరుగు పరిగెత్తలేదు. చెప్పు ఒకటి ఊడిపోతే అదీ వదిలేశాను. టీ కొట్టువాడు రసగుల్లాలు లెక్కపెట్టబోతుంటే, ఉన్న గిన్నె ఉన్నట్టే చెంచాతో సహా లాక్కుని మళ్లీ పరిగెత్తాను. నా వెనక అతను, అతని వెనక కొట్టు ముందు కూర్చున్న ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. మావయ్య కళ్లు మూసుకుని ఉన్నారు. రసగుల్లా పాకం చెంచాతో నోట్లో పోశాను, తొందరలో సగం ఆయన మీసాల మీదే పోసినట్టున్నాను. ఆ కాసేపూ నేను చేసిన ప్రార్థనకి మొదలూ చివరా లేదు. కొంతసేపటికి ఆయన మూతి నాక్కుని, రెండో రసగుల్లా తనే తీసుకున్నారు. మూడోది తింటూ అడిగారు.

"సైకిల్ రాదా?"

"రాదండి."

"మరా మోకాళ్లు?"

"నేర్చుకోబోయి పడ్డానండి."

"పార్దన కాదా?"

"ప్రార్థన కూడా చేశానండి. పడకుండా ఉండాలని."

ఆయన మూడో రసగుల్లా కూడా పూర్తి చేశారు. నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు. తిడతారేమో అనుకున్నాను, అదీ లేదు. చివరికి గిన్నె కింద పెట్టి, "అయ్యగారూ, ఈ మాట సంఘంలో సెప్పకండి. నాను నాలుగు సాక్షాలు సెప్పీసినాను. స్కూటర్ కూడా పోనాది" అన్నారు. టీ కొట్టువాడు ఫోన్ చేసి పిలిచిన ఆటోలో ఆయన్ని ఎక్కించి ఇంటికి చేర్చాను. కూతురు ఆయన్ని లోపల పడుకోబెట్టి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి నా కాళ్ల వైపు చూసింది. ఒక కాలికే చెప్పు ఉంది.

ఆ వారమంతా నాకు ఇదే ఆలోచన. పెద్దాయన చెప్పవద్దన్నారు. చెప్పకపోతే ఈసారి ఇంకెవరు నడుస్తారో, ఎక్కడ పడతారో. ఆదివారం ప్రసంగానికి లేచి, తెరిచిన బైబిల్ మూసేసి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కాలవ, తల వంపు, మోకాళ్లు, రసగుల్లాలు.  మావయ్య నేల చూస్తున్నారు. నేను పెట్టె సర్దుకోవలసిందేనని అనుకుంటుండగా ఆడవాళ్ల వైపు నుంచి క్యాంటీనత్త లేచారు.

"మాకు ముందే తెలుసండి. సైకిల్ తొక్కీవోల్లకి కుడికాలు పేంటుకి సైను మసంటుద్ది. మీ పేంట్లన్నీ నానే కదా ఉతుకుతాను. ఒక్కదానికీ మసి నేదు. ఆడోల్లందరికీ సెప్పినాను."

"మరి నాకెందుకు చెప్పలేదత్తా?" అన్నాను, అది గుడి అన్న సంగతి మరిచిపోయి.

ఆవిడ కొంచెం ఇబ్బంది పడ్డారు. "సెప్తే నేర్సుకుంతారు. ఎక్కి తొక్కీవోరు మా రేషన్ బియ్యం ఇంటికి తెత్తారేటి?"

అప్పుడు గుర్తొచ్చింది. నా క్యారియర్ మీద బైబిల్ సంచీ ఒక్కటే ఎన్నడూ లేదు. దారిలో ఎవరో ఒకావిడ బియ్యం మూటో కిరోసిన్ డబ్బానో ఎక్కించి పక్కన నడిచేది. నడుస్తూ ఊరికే ఉండలేక ఏదో చెప్పేది. తాగివచ్చే కొడుకు సంగతి, ఇంట్లో చెప్పుకోలేని గడ్డ సంగతి. (ఆ గడ్డ ఆవిణ్ణి రైల్వే ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. నయమైంది.) గుళ్లో ఎవరో ముందు నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. ఫిట్టర్ మావయ్య ఒక్కరే నవ్వకుండా లేచి, "నాను నడిసొచ్చి సెప్పిన మూడు సాక్షాలూ ఎనక్కి తీసుకోను. నడిసింది నిజిమే కదా" అని కూర్చున్నారు. 

మర్నాటి నుంచి క్యాంటీనత్త నాకు సైకిల్ నేర్పారు. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, సీటు వెనక పట్టుకుని, "కిందకి సూడకు నాయనా, ముందుకి సూడు" అంటూ మైదానమంతా పరిగెత్తేవారు. సైకిల్ మీద ఉన్నంతసేపే నేను నాయనని, దిగితే మళ్లీ అయ్యగారిని. ఫిట్టర్ మావయ్య ఒక కుర్చీ వేసుకుని, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు కూర్చునేవారు. పదిహేను రోజుల్లో తొక్కడం వచ్చింది. ఆగడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. అల్లుడు స్కూటర్ తిరిగి ఇవ్వలేదు. అందుకని ఆపైన రెండేళ్లూ ప్రతి ఆదివారం మావయ్యని నా క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని గుడికి తీసుకొచ్చాను. దారి పొడుగునా నా తొక్కుడులో లోపాలు చెబుతూనే ఉండేవారు. ఆయన పోయిన రోజు ఆ కూతురే నాకు మొదట ఫోన్ చేసింది.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. దూర ప్రాంతాల పరిచర్యకు వెళ్లే కుర్రవాళ్లకి శిక్షణ ఇచ్చే పని నాది. వాళ్లు వచ్చేటప్పుడు తమకి ఏమేం వచ్చో రాసిన కాగితాలు పట్టుకొస్తారు. పాటలు, భాషలు, కంప్యూటరు. నేను అవి పక్కన పెట్టి, "నీకేం రాదు?" అని అడుగుతాను. చాలామంది తెల్లబోతారు. కొంతమందికి కోపం వస్తుంది. కిందటేడు అస్సాం వెళ్తానని వచ్చిన ఒక అమ్మాయి మాత్రం కాస్త ఆలోచించి, "వంట రాదండి. మా అమ్మకి తెలీదు, వచ్చనుకుంటోంది" అంది. వెంటనే ఆ అమ్మాయి కాగితం మీద సంతకం పెట్టేశాను. సంతకం చూసి ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. ఆ మాట అనడానికి ఇరవై మూడేళ్లవాడొకడికి ఒక పెద్దమనిషి ప్రాణం మీదికి వచ్చేదాకా పట్టిందని ఆ అమ్మాయికి ఏం తెలుసు. చెబుదామనుకున్నాను గానీ, సిగ్గేసి ఊరుకున్నాను.