తేలిక గళ్ళు

వారపత్రికకు గళ్ళ నుడికట్టు కట్టే పెద్దాయన రబ్బరు పొట్టును ఊదెయ్యడు, అరచేత్తో కూడదీసి జేబులో వేసుకుంటాడు. తల తెగిన మాటలు, తిరగబడ్డ మాటలు, చెల్లాచెదురైన మాటలు ఆయన సరంజామా. వేలమంది కోసం కడుతున్నాడని పత్రికవాళ్ళ నమ్మకం. నిజానికి కట్టేది ఒక్కావిడ కోసం. ఇరవయ్యేళ్ళుగా వారం వారం ఒక్క తప్పు లేకుండా జవాబులు పంపే రిటైర్డు టీచరమ్మను ఆయన ఎన్నడూ చూడలేదు. ఒక వారం ఆమె కార్డులో రెండు గళ్ళు ఖాళీగా వచ్చాయి. పాపం, బుర్ర మందగిస్తోందనుకుని ఆయన మెలికలు తగ్గించాడు. కార్డులు ఆగిపోయాయి. ఇంకా తగ్గించాడు.

“ఏంటి మాస్టారూ, పలకాబలపం పట్టే పిల్లలకా ఇవి?” అన్నాడు సబ్ ఎడిటరు.

“ఉండవయ్యా, నీకు తెలీదు.”

నెల తర్వాత ఆమె కూతురు రాసింది: “అమ్మ పోయినవారం కన్నుమూసిందండీ. ఆవిడకి తగ్గింది చూపే, బుర్ర కాదు. ‘ఈయనకి నామీద జాలి పుట్టింది, ఇంక ఆటేముంది?’ అని ఆఖరి నెలంతా పెన్ను ముట్టలేదు.”

ఆయన పెన్సిలు చెక్కి, కొత్త కాగితం మీద గళ్ళు గీశాడు. ఆ వారం నుడికట్టును ఎవరూ పూర్తిచేయలేకపోయారు.