ఇంకోటి తియ్యండి

బందరులో సొంతంగా చిన్న సినిమాలు తీసుకునే మాలాంటివాళ్లకు కెమెరా అరువిచ్చి, తీశాక పదిమందిని పోగేసి చూపించే సంఘం ఒకటుంది. దాని సెక్రటరీగారిని తలుచుకుంటే నాకు ముందు ఆయన చెయ్యే గుర్తొస్తుంది. బొమ్మ అయిపోయి లైట్లు వెయ్యగానే, అది ఎంత నాసిరకమైనా సరే, తీసినవాడి భుజం మీద ఆ చెయ్యి పడేది. "బావుందండీ. ఇంకోటి తియ్యండి" అనేవారు. నా మొదటి సినిమా చూస్తూ మా ఆవిడే నిద్రపోయింది. అయినా ఆ మాట పట్టుకునే రెండోది తీశాను.

కిందటేడు ఆయనే ఒకటి తీశారు, గిలకలదిండిలో వలలు బాగుచేసేవాళ్ల మీద. లైట్లు వెయ్యగానే మేమంతా పెద్ద విమర్శకులమైపోయాం. "ఆ చేతుల షాట్ మరీ సాగిందండీ" అన్నాను నేను.

"అవునండీ, కత్తిరించాల్సింది" అని నవ్వి, ఆయన కుర్చీలు సర్దడం మొదలుపెట్టారు. ఆయన మాట ఆయనకి మాలో ఒక్కరమూ తిరిగి చెప్పలేదు. తరవాత ఆయన మళ్లీ కెమెరా పట్టలేదు.

మొన్న నా మూడోది వేశాం. ఆ చెయ్యి మామూలుగానే నా భుజం మీద పడింది.

"బావుందండీ. ఇంకోటి తియ్యండి."

మీరూ తియ్యండి అందామని నోరు తెరిచాను. "కుర్చీలు నేను సర్దుతాలెండి" అని మాత్రం అనగలిగాను.