ఎడమచేతి కింది పేజీలు

నా భార్య పోయింది. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి ఆమెకు ఉతికిన చీర తీసుకుని గేటు దాటుతున్నాను. ఆదిలాబాద్‌లో ఆమె దగ్గర బొమ్మలు నేర్చుకున్న చాలామందికి ఈ కబురు అందలేదు. వాళ్ళ కోసమే రాస్తున్నాను.

డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక వరండా గోడకు బ్లాక్‌బోర్డులా నల్లరంగు వేయించుకుంది. వారానికొక చాక్‌పీసు బొమ్మ. ఆదివారం తడిగుడ్డతో తుడిచేసేది. నేను అడ్డుపడితే, "సూసేందుకు గీసిన, దాసుకునేందుకు గాదు" అనేది. నా బొమ్మ మాత్రం ఎన్నడూ గీయలేదు. "మీరు ఒక్కతాన కూసుంటరా? గాలిని గీసినట్టయితది."

చివరి బొమ్మ పక్కింటి ఉస్తాద్ సాబ్‌ది. ఉర్దూ పాఠాలు చెప్పిన పెద్దాయన. సాయంత్రాలు మా వరండాలో కూర్చుని చదువుకుంటారు. కళ్ళజోడు, వంచిన మెడ, ఒళ్ళో పుస్తకం, అన్నీ కుదిరాయి. ఆయన లేచి వచ్చి చూసి నవ్వారు.

"బేటీ, మా కితాబు కుడి నుంచి ఎడమకు పోతది, సదవాల్సినయి ఎడమ దిక్కుంటయి. నా ఎడమచేతి కింద రెండు పేజీలే ఉంచినవ్. అంటే నా సదువు అయిపోయినట్టే గదా!"

తెలుగు పుస్తకం అప్పుడే తెరిచినట్టు గీసింది ఆమె. నాలుక కరుచుకుని, కొంగుతో తుడిచి, ఎడమచేతి కింద దండిగా పేజీలు పెట్టింది.

"ఫికర్ చేయకుండ్రి సాబ్. ఇంక శానా ఉంది."

ఆ ఆదివారం తుడిచే ఓపిక ఆమెకు లేకపోయింది. ఆస్పత్రి మంచం మీద అడిగింది: "గోడ తుడిచిండ్రా?"

"రేపు" అన్నాను.

కర్మ రోజు పొద్దున్నే మా చెల్లె బకెట్టుతో వచ్చింది. "అంటు పోవాలంటే గోడలు గూడ కడగాలె, అన్నా."

"గా బొమ్మ గోడ వద్దు."

"వదిననే వారం వారం తుడిచేది గదనే."

గోడకు ఆనుకుని అటూ ఇటూ నడిచాను. గేటు దాకా, మళ్ళీ వెనక్కి. చెల్లె కాసేపు చూసి, కళ్ళు తుడుచుకుని, బకెట్టు ఎత్తుకుని లోపలికి పోయింది. నేను నడుస్తూనే ఉన్నాను.

సాయంత్రం ఉస్తాద్ సాబ్ వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. పుస్తకం తెరవలేదు. గోడను చూశారు, తర్వాత నన్ను.

"సార్, జర మీ అంగీ సూసుకోండ్రి."

మోచేయి నుంచి భుజం దాకా తెలుపు. గోడ మీద ఎడమచేతి కింది పేజీలు లేవు.

ఆమె చాక్‌పీసుల డబ్బా అక్కడే ఉంది. నాకు గీత రాదు. సుద్ద రాలకుండా అంగీ మెల్లగా విప్పి కొక్కేనికి తగిలించాను. ఫ్యాను గాలికి దాని చేయి ఊగినప్పుడల్లా లేచి వెళ్ళి పట్టుకుంటున్నాను.