ఒక నంబరు, రెండు డబ్బాలు

కరోనా తగ్గి కాలేజీలు తెరిచిన ఏడాది నన్ను హనుమకొండ బ్రాడ్‌బ్యాండ్ విభాగానికి సబ్ డివిజనల్ ఇంజనీరుగా వేశారు. టెలిఫోన్ శాఖలో అది నా ఆఖరి పోస్టింగు. లైన్‌మన్ సరిచేసిన ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తే ఆ ఇంటికి ఎస్.డి.ఇ. స్వయంగా వెళ్లాలన్నది మా పద్ధతి.

అలా వెళ్లిన ఇల్లు సాంబయ్య, కొమురయ్య అనే అన్నదమ్ములది. నెక్కొండ వైపు నుంచి వచ్చి స్థిరపడిన పత్తి వ్యాపారులు. పాళ్లు పంచుకుని ఇంటి నడుమ గోడ కట్టుకున్నారు. పొలాలు, బావులు, బీరువాలు పంచుకున్నారు గానీ తండ్రి పేరున ఉన్న ఫోన్ నంబరు పంచుకోలేకపోయారు. కొత్త కనెక్షన్ తీసుకుంటే తండ్రి నంబరు వదులుకున్నట్టేనని ఇద్దరికీ పట్టుదల. అందుకని ఒకే లైను గోడకు పొడిచిన కంత గుండా రెండిళ్లలోనూ నడుస్తోంది. నడవడం లేదన్నదే ఫిర్యాదు.

కొమురయ్య కూతురు స్రవంతికి మర్నాడు ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. “మొన్న ఒకటి నడుమల్నే తెగింది సార్. రేపు గూడ గట్లనే అయితే వాళ్లు మల్ల పిలువరు,” అంది, నేను సాంబయ్య వైపు ఉన్నానని తెలిసి అక్కడికే వచ్చి.

సాంబయ్య వెంటనే అందుకున్నాడు. “గా పిల్ల లాప్‌టాపే సార్ నెట్టంత గుంజుతాంది. అండ్ల విండోస్ గూడ లేదట.”

గోడ అవతలి నుంచి కొమురయ్య గొంతు వినిపించింది. “నీ కొడుకు ఆపిల్ కొన్నకాంచే ఈ లొల్లి. అంతకుముందు మంచిగనే ఉండె.”

కంప్యూటరు ఏ రకానిదైనా నెట్‌వర్కుకు తేడా లేదు. ప్రతి యంత్రమూ నెట్‌వర్కులోకి రాగానే తన గుర్తుగా ఒక ఐపీ నంబరు అడుగుతుంది, రౌటరు ఇస్తుంది. ఇక్కడ సాంబయ్య రౌటరు ఒకటి ఉంది. అన్నను వైఫై పాస్‌వర్డ్ అడగడం నామోషీ అనుకుని కొమురయ్య ఇంకొకటి కొని దానికి తగిలించాడు. రెండూ ఒకే వరస నంబర్లు పంచుతున్నాయి. ఒకే నంబరు రెండు యంత్రాలకు పడినప్పుడల్లా రెండూ ఆగుతున్నాయి. సాంబయ్య విండోస్, ఆయన కొడుకు ఆపిల్ ఆ సంగతి తెర మీద చూపించాయి. స్రవంతి లాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు ఉన్న లినక్స్ ఏమీ చూపించలేదు. నోరెత్తలేదు కాబట్టి తప్పు దానిదేనని సాంబయ్య తేల్చేశాడు.

ఒక రౌటరు నంబర్లు పంచడం మానుకుంటే చాలునని చెప్పాను.

“పెద్దోన్ని నేనుండంగ వాని డబ్బా పంచుడేంది?” అన్నాడు సాంబయ్య.

“ఆయన పంచితె నేను చెయ్యి చాపాల్నా?” అన్నాడు కొమురయ్య.

పిల్ల ఉద్యోగం సంగతి ఇద్దరికీ పట్టలేదు. నాకు ఒళ్లు మండింది. పనిముట్లు సర్దుకుంటుంటే సాంబయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “మీరు గడి దొర మనుమడట గద. మా తాత మీ తాత కాడ జీతమున్నడు. మీరొక్క మాట జెప్పుండ్రి దొరా, ఇద్దరం ఇంటం.”

“ఔ దొరా, ఇంటం,” అన్నాడు కొమురయ్య అవతలి నుంచి. వాళ్లిద్దరికీ ఆ రోజు కుదిరిన మాట అదొక్కటే.

కోటలాంటి ఆ గడి దూలాలు నా చిన్నప్పుడే అమ్ముడుపోయాయి. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. నేను పరీక్షలు రాసి, కేబుల్ గుంతల్లో దిగి ఆ హోదాకు వచ్చినవాణ్ణి. నేను దొరగా రాలేదనీ, డిపార్టుమెంటు పంపితే వచ్చాననీ, ఫోన్ లైను వచ్చి చేరే మోడెం కూడా డిపార్టుమెంటుదేననీ కటువుగానే చెప్పాను.

చెప్పాక అదే దారి అని తోచింది. అంతవరకూ లైనును సాంబయ్య రౌటరుకు అందించడమే మోడెం పని. నంబర్లు పంచే పని దానికే అప్పగించి, రెండు రౌటర్లలోనూ ఆ పని ఆపేశాను. మోడెంను నడిమి గోడ మీదికి మార్పించి, ఇటొక తీగ, అటొక తీగ ఇచ్చాను. రౌటర్లకు వైఫై అందించే పనే మిగిలింది.

“అంటే మాది వాని కింద లేనట్టే గద?” అని అడిగాడు సాంబయ్య.

లేదన్నాను. ఆయనది కూడా మీ కింద లేదన్నాను.

“గట్ల జెప్పుండ్రి!” అని అవతల కొమురయ్య నవ్వాడు.

బయల్దేరే ముందు ఇద్దరూ వేర్వేరుగా వచ్చి మోడెం సెట్టింగుల పాస్‌వర్డ్ అడిగారు. ఎవరికీ ఇవ్వలేదు. రెండిళ్లవాళ్లూ చాయ్‌కి పిలిచారు. డ్యూటీలో తాగనన్నాను.

మర్నాడు సాయంత్రం స్రవంతి ఆఫీసుకు ఫోన్ చేసి కాల్ ఎక్కడా తెగలేదని చెప్పింది. ఉద్యోగం వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ నంబరు మీద మళ్లీ ఫిర్యాదు రాలేదు.

ఆ తర్వాత నా కింద పనిచేసిన ఇంజనీర్లకు ఒకటే చెప్పేవాణ్ణి. ఇంట్లోకి వెళ్లగానే ఏ కంప్యూటర్లు ఉన్నాయని అడగవద్దు. డబ్బాలెన్ని ఉన్నాయి, ఏది ఎవరు కొన్నారు అని అడగండి.