తాళంచెవి వెళ్ళిన దారి

దుబాయ్ బియ్యం మీద నాకు మొదటినుంచీ ఒక ఫిర్యాదుంది. ఎంత ఉడికించినా మెతుకుకు మెతుకు అంటదు. తినడానికి ఇబ్బంది లేదు, గోడకు కాగితం అతికించడానికి మాత్రం పనికిరాదు. షార్జా దగ్గర సజ్జా లేబర్ క్యాంపులో, మా గది గోడకు ఇక్కణ్ణించి యూరప్ దాకా ఉన్న రోడ్ల పటం అంటించబోయి కొంత అన్నం వృథా చేసి, చివరికి కరెంటు టేపును ఆశ్రయించాను.

పటం అవసరం ఎందుకొచ్చిందంటే, మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చి తెచ్చుకున్న యజమాని, ఎండలు తప్పించుకోవడానికి పెళ్ళాంపిల్లల్ని కారెక్కించుకుని ఇటలీకి బయల్దేరాడు. విమానం ఉండగా కారెందుకని అడిగే హోదా నాది కాదు. నేను కూలీల హాజరు వేసే బి.ఏ.ని. ఆయన అటు వెళ్ళగానే ఇటు నా పక్క మంచం మేస్త్రీకి టెలిగ్రాం వచ్చింది. జగిత్యాల వైపు మనిషి. కూతురికి సీరియస్, వెంటనే రమ్మని. అతను ఇక్కడికొచ్చాక పుట్టిన పిల్ల. క్యాసెట్లో గొంతు వినడమే గాని చూసింది లేదు.

మా పాస్‌పోర్టులన్నీ ఆఫీసు ఇనప్పెట్టెలో ఉన్నాయి. దాని తాళంచెవి కఫీల్ జేబులో ఉంది. ఆ జేబు ఎక్కడుందన్నదే ప్రశ్న.

పెట్టె పగలగొడదామని ఆఫీసు చూసుకునే ముదీర్‌తో అన్నాను. తన పాస్‌పోర్టు కూడా అందులోనే ఉందని ఆయన గుర్తుచేశాడు. కఫీల్ ఫోన్ చేసినప్పుడు అడుగుతానన్నాడు.

రోజూ డ్యూటీ దిగాక, బూట్లయినా విప్పకుండా మేస్త్రీ పటం ముందు నిలబడేవాడు.

“ఇయ్యాల యాడున్నడు సారూ?”

“సిరియా దాటాడు. టర్కీలో ఉండాలి.”

“అటెన్క?”

“గ్రీసు. తరవాత సముద్రం. అక్కడ రోడ్డు ఓడెక్కుతుంది. ఇటలీలో దిగి మళ్ళీ పటంలో అదే రోడ్డు నంబరుతో నడుస్తుంది.”

“రోడ్డుకు పాస్‌పోర్టు అక్కెర లేదా?”

“దానికి కఫీల్ లేడుగా.”

నవ్వాడు. ఆ పూట నేను కాస్త ఎక్కువే తిన్నాను. అతను తినలేదు.

ఇంకో టెలిగ్రాం వచ్చింది, ఇంకా బయల్దేరలేదా అని. ఆ రోజునుంచి అతను క్యాసెట్ పెట్టడం మానేశాడు. పనిలోకి మాత్రం వచ్చేవాడు. హాజరు పట్టీ ప్రకారం అంతా సవ్యంగానే ఉంది.

ఒక మధ్యాహ్నం గ్రీసు రేవునుంచి ఫోన్ వచ్చింది. నేను ఆఫీసులోనే ఉన్నాను. ముదీర్ లేచి నిలబడి, పిల్ల సంగతి, తాళంచెవి సంగతి అరబ్బీలో బతిమాలుతూ చెప్పాడు. చాలాసేపు విన్నాడు. ఫోన్ పెట్టేసి నా మొహం చూడకుండా, “వాపస్ ఆకే దేఖేగా బోలా. అభీ షిప్ మే చఢ్ రహా. ఖలాస్,” అన్నాడు.

గదికి వెళ్ళేసరికి మేస్త్రీ మంచం మీద కూర్చుని ఉన్నాడు. రోజూ చేసేదే చేశాను. గ్రీసుకీ ఇటలీకీ మధ్య నీలం మీద వేలు పెట్టాను.

“ఇదిగో, ఇక్కడున్నాడు. వాపసొచ్చేదీ ఈ దారినే. వచ్చాక చూస్తానన్నాడట.”

అతను లేచి వచ్చాడు. పటం కుడి అంచుదాకా చేత్తో తడిమాడు. చెయ్యి టేపు దాటి ఉత్త గోడ మీదికి పోయింది.

“మా ఊరు ఇందుల లేనే లేదు గద సారూ,” అన్నాడు. “మరి దినాం నాకెందుకు సూపెడుతున్నవ్?”