ఎండిన చెట్టు ధర

“ఆ కొమ్మ విరిగిందంటే రేకులు ఆపలేవు. రేకుల కింద పాప పడుకుంటుంది.”

ఆ వేసవిలో ఫేబీ ఈ మాట భర్త మాథ్యూతో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. మైపాడు రోడ్డు పక్క ఊళ్లో వాళ్ల ఇల్లు. సముద్రం గాలి అడ్డూ ఆపూ లేకుండా వచ్చి తగిలే చోటు. పెరట్లో ముప్పై ఏళ్ల నిద్రగన్నేరు చెట్టు, దాని పెద్ద కొమ్మ మూడేళ్ల పాప పడుకునే గది మీదికే చాచుకుని ఉంది. గాలి లేచినప్పుడల్లా ఫేబీ పాపను ఎత్తుకుని ముందు గదిలోకి వచ్చేసేది.

చివరికి మాలకొండయ్యను పిలిపించింది. చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి మీదికి ఒరిగిన చెట్టును దించాలంటే అతనే. యాభై దాటిన మనిషి, సరుగుడు వాసంలా సన్నగా, నిటారుగా ఉంటాడు. ఎక్కువ కాలం సరుగుడు తోటల్లో నరికిన చెయ్యి. వయసులో ఉండగా ఒకసారి తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. నడుముకు కట్టిన తాడు కొసను కింద పట్టుకున్న కూలివాడు బీడీ ముట్టించుకోవడానికి చెయ్యి వదిలాడట. అప్పటి నుంచి తాడు పట్టేది అతని భార్య చెంచమ్మ ఒక్కతే.

“కూలోడు బీడీకి వదుల్తాడు. పెళ్లాం వదలదు అమ్మణ్ణీ,” అన్నాడు ఫేబీతో.

“వదిలేద్దామని చానాసార్లు అనిపించింది,” అంది చెంచమ్మ. “ఈయన పోతే మళ్లీ ఇంకోణ్ణి ఇంత పని నేర్పి తయారుచేసుకోవాల గదా అని ఊరకే ఉండా.”

మాలకొండయ్య చెట్టు చుట్టూ తిరిగాడు. గొడ్డలి వెనకపక్కతో మొదలు మీద తట్టి, చెవి ఆనించి విన్నాడు. తరువాత చెట్టును వదిలేసి రేకులూ, ప్రహరీ గోడా, పక్కన పోయే కరెంటు తీగా చూశాడు.

“పద్నాలుగు వేలు.”

“ఒక్క చెట్టుకా?”

“చెట్టుకు కాదమ్మా. బయట చేలో ఉంటే కట్టెలు నాకిచ్చేస్తే చాలు, ఊరికే కొట్టిపోతా. ఇక్కడ ఒక్కో కొమ్మనూ తాడుకు కట్టి, పసిబిడ్డను దించినట్టు దించాల. ఆ ధర చెట్టు కింద ఉండే వాటికి.”

ఫేబీ తల ఊపింది కానీ మనసు ఒప్పుకోలేదు. ఆమె కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, రొయ్య పిల్లల హ్యాచరీలో నీళ్లు పరీక్షించే ఉద్యోగం. పచ్చి కలపలో సగం బరువు నీళ్లే. చెట్టు ఎండితే బరువు సగమవుతుంది, బరువు సగమైతే కూలీ సగమవుతుంది. ఇంత చిన్న లెక్క ఈ మనిషికి తెలియదనుకుంది. వారం తిరక్కుండా, మాథ్యూ డ్యూటీకి పోయిన ఒక మధ్యాహ్నం, డ్రిల్లుతో చెట్టు మొదలులో ఏడు రంధ్రాలు వేసింది. చెట్టును చంపే నీలిరంగు మైలుతుత్తం నీళ్లు పోసింది. బంకమట్టితో పూడ్చి, పైన బెరడు పొడి అద్దింది. భర్తకు కూడా చెప్పలేదు.

చెట్టు నెలన్నరలో ఆకంతా రాల్చి నిలబడిపోయింది. ఆమె మాత్రం బాగా ఎండనీ, ఇంకా తేలిక కానీ అని ఎనిమిది నెలలు ఆగింది. ఆ ఆగడంలో భయం తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. గాలి లేకపోయినా పుల్లలు రేకుల మీద టపటపా రాలేవి. వాయుగుండం అన్న కబురు టీవీలో వచ్చిన రోజు ఇక ఉండబట్టలేక ఫోన్ చేసింది.

మాలకొండయ్య వచ్చి చెట్టును చూసి ముఖం చిట్లించాడు.

“ఎన్నాళ్లయింది ఎండి?”

“ఎందుకు?”

“పచ్చి కొమ్మ వంగుతాది, మూలుగుతాది, నాకు చెప్పి విరుగుతాది. చచ్చింది ఒక్క మాట చెప్పదు. రెండు నెలలంటే నార ఇంకా పట్టు మీద ఉంటాది, ఎక్కుతా. పాత ధర మీద రెండు వేలు ఎక్కువ. అర్ధ సంవత్సరం దాటిందంటే నేనే కాదు, ఎవడూ ఎక్కడు. నెల్లూరు నుంచి క్రేను రావాల. నలభై వేలకు తక్కువ కాదు.”

నలభై వేలంటే ఫేబీ రెండు నెలల జీతం. చంకలో పాప బరువుగా అనిపించింది.

“రెండు నెలలే,” అంది.

అతను బెరడు గిల్లి చూశాడు. “చూస్తే ఎక్కువే అనిపిస్తాదే... సరే, రోజూ కళ్లతో చూసేదానివి నువ్వు. నీ మాటే మాట.”

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మాలకొండయ్య చొక్కా విప్పి మడిచి గోడ మీద పెట్టేంత సేపు ఉంది. నడుముకు తాడు కట్టుకునేంత సేపు ఉంది. తాడును పై పంగలో నుంచి వేసి, చెంచమ్మ కొసను పెరట్లోని కొబ్బరి మొద్దుకు ఒక చుట్టు చుట్టి కాళ్లు తన్నిపెట్టి నిలబడేంత సేపు ఉంది. ఫేబీ అంతసేపూ, ఉన్న మూడు పెద్ద కొమ్మలు దిగితే చాలు, ప్రభువా, అనుకుంటూ నిలబడింది.

రెండు దిగాయి. మూడోదాని మీద అతను కాలు మోపాడు. చిటుక్కుమన్న చప్పుడైనా లేదు. కొమ్మ ఉన్న చోట ఆకాశం ఉంది. మాలకొండయ్య పదడుగులు కిందికి జారి, ఊగి, భుజంతో మొదలుకు కొట్టుకున్నాడు. తాడు చెంచమ్మ అరచేతుల్లో నుంచి సర్రుమని పోయింది. ఆమె అరవలేదు, వదల్లేదు. పళ్లు బిగపట్టి, జానెడు జానెడుగా మొగుణ్ణి నేలకు దించింది.

“దిగినావా మారాజా,” అంది. తరువాత చేతులు తెరిచింది. రెండు అరచేతులా చర్మం లేచిపోయి ఉంది.

ఫేబీ పాపను దించి, నీళ్లు తెచ్చి, ఆ చేతుల మీద పోస్తూ తల ఎత్తలేకపోయింది. మాలకొండయ్య మొదలుకు ఆనుకుని కూర్చుని భుజం పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. అతని పక్కన బెరడు పొడి రాలి, గుండ్రటి మట్టి బిళ్ల బయటపడింది. వేలితో పొడిచాడు. మట్టి ఊడి వచ్చింది. లోపల నీలం మరక.

వేలిని పంచెకు తుడుచుకున్నాడు.

“ఎన్నాళ్లు అమ్మణ్ణీ?”

“ఎనిమిది నెలలు.”

“ఎవరు చేసింది?”

“నేనే.”

చెంచమ్మ అంది. “చెట్టుకు మందు పెట్టినావు, సరే. మా ఆయనకెందుకు పెట్టినావే తల్లీ?”

ఫేబీకి ఆ క్షణంలో తిట్లు కావాలనిపించింది. తిడితే ఏడవవచ్చు, బతిమాలవచ్చు. వాళ్లు తిట్టలేదు. ఆటోలో ఆసుపత్రికి పోయినంత దూరమూ చెంచమ్మ కట్టు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా కూర్చున్న ఫేబీని చూడకుండా రోడ్డే చూసింది. భుజం ఎముక చిట్లింది, ఆరు వారాలు చెట్టు ఎక్కకూడదన్నారు. ఆ రోజుల కూలీ ఇస్తానంటే మాలకొండయ్య వద్దనబోయాడు.

“ఎందుకొద్దు?” అంది చెంచమ్మ. “ఆరు వారాలు గాలి తింటామా? ఇయ్యి తల్లీ, ఇయ్యి.”

ఆ రాత్రి మాథ్యూకు అంతా చెప్పాల్సి వచ్చింది. అతను విని, “నాక్కూడా చెప్పలేదా?” అన్నాడు. ఆ ఒక్క మాట ఆమెకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మూడో రోజు క్రేను వచ్చింది. మాలకొండయ్య చెయ్యి మెడకు వేలాడేసుకుని వచ్చి, ఏ కొమ్మ ముందో, ఏది తరువాతో కింద నిలబడి చెప్పాడు. సాయంత్రానికి పెరడు ఖాళీ అయింది. అప్పుడు ఫేబీ అతని దగ్గరికి పోయి, క్షమించమని అడిగింది. అతను చెప్పిన జవాబును ఆమె ఇప్పుడు అన్నిచోట్లా పాటిస్తోంది. మొన్న పాపకు జ్వరం వచ్చి డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు, ఆయన స్టెతస్కోపు తియ్యకముందే, ఇంట్లో మిగిలిన పాత యాంటీబయాటిక్ రెండు రోజులు తనే వేశానని చెప్పేసింది. బయట వరసలో ఉన్న తల్లులంతా విన్నారు. చెవులు వేడెక్కాయి. అయినా చెప్పింది.

మాలకొండయ్య ఆ సాయంత్రం అన్నది ఇంతే: “నన్ను క్షమించమని అడగబాకమ్మా, అది నాకెందుకు పనికొస్తాది? ఇంకెప్పుడు ఎవర్ని పనికి పిలిచినా, నువ్వు చేసిన తప్పు ముందు చెప్పు. ధర తర్వాత అడుగు.”