పదకొండుమంది పిల్లల తరగతి చూడ్డానికి నౌపడ దాకా

మా అప్ప, అంటే అక్క, ఫోన్ చేసి, సోమవారం నుంచి పావనిని టెక్కలి బడికి వ్యాన్‌లో పంపేస్తున్నానని చెప్పడంతో ఈ ప్రయాణం మొదలైంది. పావని అప్ప కూతురు, నాలుగో తరగతి. నౌపడ దగ్గర వాళ్ళ ఊరి సర్కారు బడిలో దాని తరగతికి పదకొండుమందే పిల్లలు. టెక్కలి ప్రైవేటు బడిలో సెక్షనుకి అరవైమంది పైనే. జనం అంతగా ఎగబడుతున్నారంటే అందులో ఏదో ఉండబట్టే కదా అని అప్ప వాదన. నాకు మనసొప్పలేదు. ముందు ఇద్దరం కలిసి ఊరి బడి చూద్దాం, ఆ తరవాత నీ ఇష్టం అని చెప్పి, శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరాను.

విశాఖపట్నంలో తెల్లవారుజామున పలాస పాసింజరు ఎక్కితే నౌపడకి మూడు నాలుగు గంటలు. టికెట్టు యాభై రూపాయలలోపే. గరివిడి వచ్చినప్పుడు కిటికీలోంచి చూపు తిప్పుకోలేదు. మేం పుట్టిన ఊరు అది. అప్ప అక్కడే డెబ్బైమంది కిక్కిరిసిన తరగతిలో చదివింది. నన్ను మూడో తరగతిలో అమ్మమ్మ తన పల్లెకి తీసుకుపోయింది. అక్కడ మేం పన్నెండుమందిమి. ఇప్పుడు నాది బ్యాంకు ఉద్యోగం. అప్ప పదో తరగతి తప్పి, పెళ్ళయ్యాక మిషన్ కుట్టుకుంటూ ఇల్లు నెట్టుకొస్తోంది. ఆమదాలవలసలో సగం పెట్టె ఖాళీ అయింది కానీ, కాళ్ళు చాపుకున్నా నాకు నిద్ర పట్టలేదు.

నౌపడ స్టేషను బయట షేరాటోకి ముప్పై రూపాయలు. దారి పొడుగునా ఉప్పు మడులు, ఎండలో వాటికేసి చూడాలంటే కళ్ళు చికిలించుకోవలసిందే. ఫలానా బడి దగ్గర దించమన్నాను.

"ఆ బడికేటికమ్మా? పిల్లల్లేరు. టెక్కల్లో సూడండి, కూకోడానికి సోటుండదు," అన్నాడు ఆటో అతను. ఖాళీగా ఉన్న హోటల్లో భోజనం చెయ్యొద్దని హెచ్చరిస్తున్నట్టుంది ఆ గొంతు.

అప్ప గేటు దగ్గరే ఉంది. మాస్టారు మమ్మల్ని వరండాలో కూర్చోమని పాఠం కొనసాగించారు. ఆయన పద్ధతి ఒకటే. రోజూ ప్రతి పిల్లా లేచి నిలబడి ఒక పేరా పైకి చదవాలి. పావని తన పేరాలో మూడుసార్లు తడబడింది. ఆయన ఆపి, ఆ మాటను విడగొట్టి పలికించి, మళ్ళీ మొదటినుంచి చదివించారు. అప్ప ముఖం మాడిపోయింది.

"సూసావా, దీనికి సదవడమే రాలేదు. మా పక్కింటి పిల్ల టెక్కల్లో సదువుతన్నాది. ఒక్కనాడూ తప్పు సదివిందని ఎవరూ అన్లేదు."

"అక్కడ దాన్ని ఎవరైనా చదవమన్నారా అప్పా?" అన్నాను.

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక పావని మా దగ్గరికి వచ్చింది. నలుగురిలో తప్పులు చదివావు, సిగ్గెయ్యలేదా అని అప్ప అడిగింది. పిల్ల వింతగా చూసింది. "సిగ్గేటికమ్మా? అందరూ తప్పు సదువుతారు. మళ్ళీ నా వంతొస్తాది కదా," అని పళ్ళెం పట్టుకుని వరసలోకి పోయింది.

అప్ప అక్కడే వరండా మెట్టు మీద కూలబడింది.

"గరివిడి బడిలో నేను నా ముందు బెంచీలు లెక్కెట్టుకునేదాన్నే. గంట కొట్టేలోగా సదివే వంతు నా దాకా రాదని తెలిస్తే పేనం కుదుటపడేది. అలాగే పదో తరగతి దాకా వచ్చీసినాను. నాకు సదవడం రాదని ఎవరికీ తెలీలేదే. నాకే తెలీలేదు."

నాకు ఏడుపొచ్చింది. అప్పకి చదువు అబ్బలేదని మా ఇంట్లో అందరూ తేలిగ్గా అనేసేవారు. అప్ప కూడా అదే నమ్మింది. తనే వ్యాను అతనికి ఫోన్ చేసి సోమవారం రావొద్దని చెప్పింది.

పిల్లలు తక్కువున్న తరగతి బతుకుల్ని మారుస్తుందా, మంచి మాస్టారు దొరికితే సరిపోతుందా అని తెలిసినవాళ్ళు ఎప్పటినుంచో వాదించుకుంటూనే ఉన్నారు. మా ఇద్దరి సంపాదనల తేడాకి అదొక్కటే కారణమని నేనూ అనను. అమ్మమ్మ పల్లెలో మా పన్నెండుమందిలో మధ్యలో మానేసినవాళ్ళూ ఉన్నారు. అయినా అప్పని అన్నేళ్ళూ ఎవరూ లేపి చదివించలేదన్న కోపం తిరుగు రైల్లోనూ నాకు తగ్గలేదు. పిల్లల బడి కోసం ఇలా తిరిగేవాళ్ళకి ఒక్క మాట. పని దినాన వెళ్ళండి, భవనం చూసి వచ్చెయ్యకండి, ఒక పీరియడ్ పూర్తిగా వరండాలో కూర్చోండి. మీ పిల్ల తప్పు చదివితే ఆగి వినే తీరిక ఆ మాస్టారికి ఉందో లేదో చూసుకోండి.